ఉప్పునేలలో పన్నెండు పిల్లర్లు: ఊచల డైరీ

నవంబరు 24

పాత ఇల్లు పడగొట్టడం ఇవాళ మొదలైంది. 1996 నవంబరు తుఫానులో మా పెంకుటిల్లు పోయాక మరుసటి ఏడు నాన్న అప్పు చేసి కట్టిన డాబా ఇది. అల్లవరం మండలంలో, సముద్రానికి దగ్గరగా, ఇప్పుడైతే రెండు పక్కలా రొయ్యల చెరువులు. ముప్పై ఏళ్లు నిండకుండానే పిల్లర్లు నిలువునా పగిలాయి. ప్లాస్టరింగ్ వేశాం, ఏడాదికి మళ్లీ ఊడింది. మళ్లీ వేశాం, మళ్లీ ఊడింది.

ముందు గది పిల్లరు ఒకటి నెమ్మదిగా విప్పించాను, సమ్మెటతో ఒక్కసారిగా కొట్టొద్దని చెప్పి. లోపల ఏముందో చూడాలని నా పట్టుదల. నిలువు ఊచలు నాలుగూ ఉన్నాయి, సన్నబడ్డాయి గానీ ఉన్నాయి. వాటి చుట్టూ అడ్డంగా కట్టే రింగులే లేవు. రింగు ఉండాల్సిన చోట ఎర్రటి గీత, వేలితో గీకితే పొడి. కొన్నిచోట్ల రింగు మీద కాంక్రీటు అరంగుళం కూడా లేదు, ఊచలు చెక్కకి తగలకుండా అప్పట్లో కంకర రాయి అడ్డం పెట్టినట్టున్నారు, ఆ రాయి అలాగే ఇరుక్కుని ఉంది.

అందరూ పిల్లరు బలం అంటే నిలువు ఊచల గురించే మాట్లాడతారు, 16 వేశావా 20 వేశావా అని. కానీ అన్నిటికన్నా బయట ఉండేది రింగు, అన్నిటికన్నా సన్నగా ఉండేదీ రింగే. ఉప్పు ముందు దాన్నే చేరుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల జాగా తీసుకుంటుంది, ఆ ఉబ్బుకే కాంక్రీటు పగులుతుంది, ఆ పగులులోంచి ఇంకా ఉప్పు గాలి. మా ఇంట్లో జరిగింది ఇదే.

కొత్త ఇంటికి పన్నెండు పిల్లర్లు. ఎనిమిది చదరం, ముందు వరండాకి నాలుగు గుండ్రం, అమ్మ కోరిక అది. వీటికి మామూలు పద్ధతి కాకుండా ఇంకేం చేయొచ్చో మొత్తం చూసి, చేతితో చేసి, అప్పుడే కాంక్రీటు పోయించాలని నిర్ణయించుకున్నాను.

డిసెంబరు 3

నీళ్ల పరీక్ష వచ్చింది. మా బోరు నీళ్లలో క్లోరైడు లీటరుకు 1100 మి.గ్రా. ఊచలు వేసే కాంక్రీటుకి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం) ఒప్పుకునేది 500. ఊచలు లేని ఉత్త కాంక్రీటుకి 2000 దాకా పరవాలేదు, అంటే ఉప్పు కాంక్రీటుకి కాదు శత్రువు, అందులో ఉన్న ఇనుముకి. పాత ఇల్లు పూర్తిగా ఇదే బోరు నీళ్లతో కట్టారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజుల్లో ఎవరికి తెలుసు, ఉన్న నీళ్లే పోశారు.

కాలువ నీళ్లు పరీక్షకిస్తే బాగానే వచ్చాయి. ధవళేశ్వరం నుంచి దిగే నీళ్లు, మా ఊరి చివర దాకా వస్తాయి. అయితే వేసవిలో కాలువలు కట్టేస్తారు. కాబట్టి పిల్లర్లు పోయడం, తడపడం అంతా కాలువ కట్టేసేలోపు అయిపోవాలి. ఇప్పటి నుంచే అదొక టెన్షన్.

నది మొగ దగ్గర నుంచి ఇసుక తక్కువ ధరకి తోలతామని ఒకాయన వచ్చాడు. నోట్లో వేసుకుని చూశాను, ఉప్పగా ఉంది. వద్దన్నాను.

డిసెంబరు 11

ఇంజినీరు గారితో రెండు గంటలు కూర్చున్నాను. ఆయన లెక్క నాకు కళ్లు తెరిపించింది, అందుకే వివరంగా రాసుకుంటున్నాను.

మా చదరపు పిల్లరు 300 × 300 మి.మీ. సముద్రపు గాలి తగిలే చోటు కాబట్టి ఎం30 అనే బలం రకం కాంక్రీటు, నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదు, కవరు (ఇనుము మీద కప్పి ఉండే కాంక్రీటు మందం) 45 మి.మీ. చాలు గానీ ఆయన 50 వేశారు. నాలుగు 16 మి.మీ. ఊచలు, అంటే పిల్లరు అడ్డుకోతలో 0.89 శాతం ఇనుము (0.8 కంటే తగ్గకూడదు). ఇప్పుడు ఈ పిల్లరు మోయగల బరువు లెక్క వేస్తే సుమారు 1340 కిలోన్యూటన్లు, అందులో ఊచల వాటా 270. ఐదింట ఒక వంతు! మిగతా నాలుగు వంతులూ కాంక్రీటే మోస్తుంది.

అంటే ఊచ రకం మార్చి పిల్లరుని బలంగా చేద్దాం అనుకుంటే మనం మారుస్తున్నది ఆ ఐదో వంతునే. పిల్లరులో ఇనుము అసలు పని వేరే: పిల్లరు వంగితే లాగుడు తట్టుకోవడం, రింగులుగా చుట్టుకుని లోపలి కాంక్రీటు పక్కలకి జారకుండా పట్టుకోవడం.

ఈ రెండో పని నాకు మా ఊళ్లో వడ్లు దాచే పురి చూస్తే అర్థమవుతుంది. వడ్లు కుప్ప పోస్తే కూలిపోతాయి. అవే వడ్ల చుట్టూ గడ్డి వెంటి, అంటే గడ్డితో పేనిన తాడు, చుట్టుకుంటూ పోతే ఎత్తుగా నిలబడతాయి. వెంటికి వడ్ల బరువు నిలువునా మోసే బలమేం లేదు, పక్కలకి పోనివ్వదు అంతే. 1920లలో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో రిచర్ట్, బ్రాండ్ట్‌జాగ్, బ్రౌన్ అనే ముగ్గురు దీన్నే కొలిచారు: కాంక్రీటుని పక్కల నుంచి ఎంత ఒత్తిడితో పట్టుకుంటే, దానికి దాదాపు 4.1 రెట్లు నిలువు బలం పెరుగుతుంది. ఇప్పటికీ ఇంజినీర్లు వాడే అంకె అది.

డిసెంబరు 19

చూసిన దారులు.

వెదురు. తాతయ్య అడిగారు, ‘మన పెరట్లో గట్టి బొంగులున్నాయి కదరా, చీల్చి వేస్తే తుప్పే పట్టదు’ అని. నిజమే, తుప్పు పట్టదు. కానీ ఆయన దగ్గర కూర్చుని చెప్పాను, బద్ద పచ్చి కాంక్రీటులో నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, తర్వాత ఆరి ముడుచుకుంటుంది, చుట్టూ సందు ఏర్పడుతుంది, ఇక కాంక్రీటుకి దానికి పట్టు ఉండదు. పైగా వెదురు కాంక్రీటు కంటే మెత్తన. ఎం30 కాంక్రీటు గట్టిదనం కంటే వెదురుది తక్కువే ఉంటుంది, కాబట్టి పిల్లరులో వెదురు వేయడమంటే గట్టి సరుకు తీసి మెత్తటిది పెట్టడం. తడికకి మట్టి మెత్తిన గోడలో దానికి సాటి లేదు, పిల్లరులో వద్దు. తాతయ్య ఒప్పుకున్నారు.

గాజు పీచు ఊచలు, జీఎఫ్ఆర్‌పీ. వీటి మీద నాకు చాలా ఆశ ఉండేది. తుప్పు అనే మాటే లేదు, ఇనుములో నాలుగో వంతు బరువు, మన దేశంలో 2023లో ఐఎస్ 18256 అనే ప్రమాణం కూడా వచ్చింది. శాంపిల్ తెప్పించాను. ఒక్క చేత్తో కట్ట ఎత్తేశాడు మా చిన్నోడు.

జింకు పూత. కాగిన జింకులో ఊచలు ముంచి తీస్తారు, ఇనుము మీద పూత 85 మైక్రాన్లు, చదరపు మీటరుకు 610 గ్రాములు. రింగులు వంచాకే ముంచాలి, ముంచాక వంచితే మలుపు దగ్గర పూత చిట్లుతుంది. కట్టే తీగ కూడా జింకుదే కావాలి, పూత లేని నల్ల ఊచతో కలిపి కట్టకూడదు, కలిపితే జింకు తొందరగా తినేసుకుంటుంది.

ఎపాక్సీ పూత ఊచలు చూసి పక్కన పెట్టాను. పూత మీద ఒక్క గీత పడితే తుప్పంతా అక్కడే పట్టుకుంటుంది, మన దగ్గర లారీలోంచి ఊచలు దించే తీరు అందరికీ తెలుసు. స్టెయిన్‌లెస్ ధర అడిగాను, మళ్లీ అడగలేదు.

ఇక చివరిది వేరే సరుకు కాదు, వేరే అమరిక. విడి రింగులకి బదులు ఒకే ఊచని స్ప్రింగులా పైదాకా చుట్టడం. మేస్త్రి గారు దీన్ని స్ప్రింగ్ రింగు అంటారు.

జనవరి 4

అంకెలు కాగితం మీద చూసి నమ్మడం నాకు చాలలేదు. 150 మి.మీ. వెడల్పు, 300 ఎత్తు ఉండే సిలిండర్లు ఎనిమిది పోశాం, ఒక్కో రకానికి రెండు. ఒకటి ఉత్తది. రెండోది 8 మి.మీ. ఊచలు నాలుగు, దూరంగా రింగులు, రింగు కొసకి మన ఊరి పద్ధతిలో 90 డిగ్రీల కొక్కెం. మూడోది అవే ఊచలు, చుట్టూ 6 మి.మీ. స్ప్రింగు 40 మి.మీ.కి ఒక చుట్టు. నాలుగోది 8 మి.మీ. గాజు ఊచలు నాలుగు.

గాజు ఊచ కోయడానికి డైమండ్ బ్లేడు కావాలి, దుమ్ము కంటికి కనపడనంత సన్నం, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. చేతి మీద పడితే రాత్రంతా దురద. వంచడం కుదరదు, రింగు కావాలంటే ఫ్యాక్టరీలోనే వంచి పంపాలి. ఇది చిన్న విషయం కాదు. సైటులో రింగు కొలత రెండుసార్లు మారుతుంది మనకి.

వీటితో పాటు ఇంకో పన్నెండు చిన్న దిమ్మలు పోశాను, లోపల ఊచ ముక్క, పైన కవరు 15, 25, 40, 50. నాలుగు మామూలు ఊచతో, అలాగే జింకు నాలుగు, గాజు నాలుగు. అంతా కలిపి చెరువు గట్టున కట్టి, వారంలో మూడు రోజులు నీళ్లలో, నాలుగు రోజులు గాలిలో ఉంచుతున్నాను.

తర్వాత పండగ. పనివాళ్లందరూ ఊళ్లకి.

ఫిబ్రవరి 2

28 రోజులు దాటాయి. కాకినాడలో ఒక కాలేజీ ల్యాబులో సిలిండర్లు నొక్కించాం. నాన్న కూడా వచ్చారు.

ఉత్తది 54 టన్నులకి పేలినట్టు పగిలింది. దూరం రింగులది 62 దాకా వెళ్లి అదీ ఒక్కసారిగా పోయింది. విప్పి చూస్తే కొక్కేలు తెరుచుకున్నాయి, నాలుగు ఊచలూ బయటికి వంగాయి. స్ప్రింగుది 66. అంటే పెద్ద తేడా లేదు కదా అనిపించింది ఆ క్షణంలో. కానీ మిషను ఆపలేదు. పై పెచ్చు ఊడి రాలింది, ముల్లు 52కి దిగి అక్కడ ఆగింది. ఇంకా నొక్కుతున్నారు, అది పొట్టిగా అవుతోంది, లావుగా ఉబ్బుతోంది, కానీ మోస్తూనే ఉంది. చివరికి ఒక చుట్టు తెగేదాకా. ఆ శబ్దం ఇంకా చెవిలో ఉంది.

అదే పురి. ఐఎస్ 456 కూడా స్ప్రింగు పిల్లరుకి బలం 1.05 రెట్లే ఎక్కువ లెక్కించమంటుంది, 5 శాతం. ఎందుకు అంత తక్కువో నాకు ఇప్పుడు అర్థమైంది: లాభం మొదటి పగులుకి ముందు కాదు, తర్వాత. ఇంట్లో మనుషులు బయటికి పరిగెత్తే వ్యవధి అది.

గాజు ఊచది 56. ఉత్తదాని కంటే రెండు టన్నులే ఎక్కువ. ల్యాబులో మాస్టారు బోర్డు మీద రాసి చూపించారు. కాంక్రీటు నలిగేముందు దాదాపు వెయ్యికి రెండు వంతులు కుంచించుకుంటుంది. దాంతో పాటు ఊచా అంతే కుంచించుకోవాలి. ఇనుము గట్టిదనం 200 గిగాపాస్కల్, అంటే ఆ కుంచింపుకి 400 మెగాపాస్కల్ ఒత్తిడి అందుకుంటుంది. గాజు ఊచది 50 చిల్లర, అది 100 అందుకునేసరికి కాంక్రీటు నలిగిపోతుంది. లాగుడులో ఇనుముని మించిన సరుకు, నొక్కుడులో దాని బలం బయటికొచ్చే అవకాశమే రాదు. పైగా ఇనుములా సాగి హెచ్చరించదు, చివరిదాకా తిన్నగా వెళ్లి తెగుతుంది, నిప్పు తగిలితే పీచుని పట్టి ఉంచే రెసిన్ అనే జిగురు మెత్తబడుతుంది.

నా ఆశ ఇక్కడ పోయింది, నిజం చెప్పాలంటే బాధేసింది. కానీ వదల్లేదు వాటిని, పశువుల పాక గచ్చుకి వేస్తున్నాను. మూత్రం, ఉప్పు, తడి, అక్కడ ఇనుము ఐదేళ్లు ఆగదు, బరువూ పెద్దగా ఉండదు. వాటి చోటు అది.

ఫిబ్రవరి 9

నిర్ణయాలు. పన్నెండు పిల్లర్లకీ ఎఫ్ఈ 500డి రకం మామూలు ఇనుప ఊచలే. వరండా నాలుగింటికి స్ప్రింగు. చదరపు వాటికి విడి రింగులే, కానీ దగ్గరగా, కొక్కెం 135 డిగ్రీలు లోపలికి. సిమెంటు స్లాగ్ (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం) కలిపిన రకం, అది ఉప్పుని కొంత తనలో కట్టిపడేస్తుంది, గట్టిపడటం నెమ్మది కాబట్టి 14 రోజులు తడపాలి. జింకు ఊచలు అన్నిటికీ అంటే మా చేతిలో లేదు, చెరువు పక్క విడిగా నిలబడే ట్యాంకు స్టాండు నాలుగు కాళ్లకి మాత్రం పూర్తిగా జింకువే.

ఊచలు కట్టే మేస్త్రి గారికి 135 నచ్చలేదు. ‘ఆయ్, కొక్కెం లోపలికి తిప్పితే వైబ్రేటర్ దిగదండి బాబూ, నలభై ఏళ్లబట్టి ఇలాగే కడతన్నాం’ అన్నారు. వాదించలేదు. పాత ఇంటి పిల్లరు ముక్క, ల్యాబులో తెరుచుకున్న కొక్కెం, రెండూ ఆయన ముందు పెట్టాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ‘ఇది నేను కట్టిందేనండి’ అన్నారు నెమ్మదిగా, పాత ముక్క పట్టుకుని. నాకు తెలీదు ఆ సంగతి. ఆ తర్వాత కొక్కెం గురించి నేను ఒక్క మాట అనాల్సిన అవసరం రాలేదు, ప్రతి రింగు తోక 65 మి.మీ. ఉందో లేదో ఆయనే కొలుస్తున్నారు.

ఖర్చు లెక్క కూడా ఆయనకి చెప్పాను. పైన 450, కింద 450 మి.మీ. మేర 75కి ఒక రింగు, మధ్యలో 150కి ఒకటి. మూడు మీటర్ల పిల్లరుకి 27 రింగులు. 190కి ఒకటి వేస్తే 16 పడతాయి. తేడా 11 రింగులు, నాలుగు కిలోలు. ఎనిమిది పిల్లర్లకీ కలిపి 35 కిలోల లోపు. పెయింటులో రంగు మార్చుకుంటే పోయేంత డబ్బు.

ఫిబ్రవరి 20

స్ప్రింగు చుట్టడం మనం అనుకున్నంత తేలిక కాదు. వారం పోయింది.

ముందు కొబ్బరి మొద్దు మీద చుట్టాం. మొద్దు ఒక పక్క లావు, ఒక పక్క సన్నం, చుట్లు ఒక్కోటి ఒక్కో కొలత వచ్చాయి. పైగా 8 మి.మీ. ఊచ వదలగానే వెనక్కి విచ్చుకుంటుంది. చివరికి 160 మి.మీ. పీవీసీ గొట్టంలో కాంక్రీటు నింపి, మధ్యలో ఇరుసు పెట్టి, రెండు బల్లల మీద ఆనించి తిప్పాం. దాని మీద చుట్టి వదిలితే బయటి కొలత దగ్గరదగ్గర 200 వచ్చింది, మాకు కావాల్సింది అదే. ఇద్దరు తిప్పాలి, ఒకరు ఊచ బిగించి పట్టుకోవాలి. ఒక్కో పిల్లరుకి 36 మీటర్లు, 14 కిలోల పైన. 12 మీటర్ల ఊచలు అతుకుల పాలవుతాయి కాబట్టి చుట్టగా వచ్చే 8 మి.మీ. తెప్పించాం.

చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం దగ్గర మళ్లీ ఆగాం. ఆ 5 శాతం అదనపు బలం లెక్కలో తీసుకోవాలంటే దూరం లోపలి వ్యాసంలో ఆరో వంతు దాటకూడదు, అంటే మాకు 33. అంత దగ్గరైతే 20 మి.మీ. కంకర సందుల్లోంచి బయటికి రాదు, కవరు అంతా కంకర లేని ఉత్త సిమెంటు గార మాత్రమే మిగులుతుంది, ఉప్పునేలలో అది పనికిరాదు. అందుకే 5 శాతం వదిలేసి 50 పెట్టాం, కంకర 12 మి.మీ. వాడాం. కవరు బాగుండటం నాకు ఆ 5 శాతం కంటే ముఖ్యం. చివర్లలో ఒకటిన్నర చుట్టు అదనంగా తిప్పి ఆపాలి, అది మర్చిపోతే స్ప్రింగు జారుతుంది. ఆరు 12 మి.మీ. నిలువు ఊచలకి ప్రతి చుట్టూ కట్టించాను.

మార్చి 8

పోయడం మొదలు. కవరు బిళ్లలు మేమే పోసుకున్నాం, ఇంటి కాంక్రీటు పాళ్లతోనే, కాలువ నీళ్లతోనే, 50 మి.మీ. బజారులో దొరికే ప్లాస్టిక్‌వి చూశాను, ఒత్తితే వంగాయి. ఊచ అతుకు నేల దగ్గర కాకుండా పిల్లరు మధ్యలో పెట్టాం, దానివల్ల కింది నుంచి లేచిన ఊచలు పొడుగ్గా ఊగాయి, వెదుళ్లు కట్టి నిలబెట్టాం. తాతయ్య బొంగులు ఆ విధంగా పనికొచ్చాయి, చాలా సంతోషించారు.

రోజుకి మూడు పిల్లర్లే. ఎక్కువ పోయొద్దని పట్టుబట్టాను. డ్రమ్ములో నీళ్లు గుర్తు దాకా కొలిచి పోస్తేనే మిక్సరు తిప్పాలి. ఒకసారి నేను భోజనానికి వెళ్లినప్పుడు జారుడు చాలలేదని అర బకెట్టు ఎక్కువ పోశారు. ఆ మాలు పిల్లరులో వేయనివ్వలేదు, బాత్రూం గచ్చు కింద పరిపించాను.

మార్చి 27

పెట్టెలు విప్పాం. ఏడో నంబరు పిల్లరు అడుగున కాంక్రీటు నిండక తేనెపట్టులా బొక్కలు పడ్డాయి, అరచేతి మేర. మిగతా పదకొండూ నున్నగా ఉన్నాయి. ఏడో దాన్ని పూత పూసి దాచేయొచ్చు, ఎవరికీ తెలియదు. ఊచ కనపడేదాకా చెక్కించి, కడిగించి, ఇంజినీరు గారు చెప్పిన మాలుతో పెట్టె కట్టి నింపించాం. రెండు రోజులు పోయాయి.

గోనె సంచులు చుట్టి తడుపుతున్నాం. కాలువలో నీళ్లు తగ్గుతున్నాయి కనుక వెనక గుంతలో టార్పాలిన్ పరిచి రెండు ట్యాంకర్లు నింపి ఉంచాను.

ఏప్రిల్ 19

కాలువ కట్టేశారు. మా తడపడం అంతకు ముందే అయింది. పైకప్పు సెంట్రింగ్ కొడుతున్నారు.

సాయంత్రం చెరువు గట్టు మీద దిమ్మలు తీసి చూశాను. మామూలు ఊచ, 15 కవరు ఉన్నదానికి ఒక మూల సన్నటి గోధుమ రంగు చార. మిగతావాటి మీద ఏమీ లేదు. ఉప్పు 50 మి.మీ. దాటి వెళ్లడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఇప్పుడే ఏదీ అనలేను. ఒక్కో దిమ్మ మీద కవరు కొలత, పోసిన తేదీ పెయింటుతో రాసి, కొత్త నైలాన్ తాడు కట్టి మళ్లీ నీళ్లలోకి దించాం. తాడు మేస్త్రి గారే కట్టారు. కార్తీకంలో ఒకసారి తీసి చూద్దాం, నాకు కబురు పెట్టండి అని చెప్పి వెళ్లారు.